గొడ్ల పెద్దరోగం: దారి ఎవరిది, నింద ఎవరికి?

2011 జూన్ 28న రోమ్ నగరంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక తీర్మానం చేసింది. రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం ఇక భూమ్మీద లేదని అందులో ప్రకటించింది. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. మన పశువైద్యులు దీన్ని ముసర వ్యాధి అన్నారు. ఊళ్లల్లో పెద్దరోగం అనే పేరు ఉండేది. దీనికన్నా పెద్దది గొడ్డుకు మరొకటి లేదని ఆ పేరే చెప్తుంది.

ఈ విజయం గురించి రాసినవాళ్లు టీకా కనిపెట్టిన శాస్త్రవేత్తల్ని తలుచుకున్నారు. అది న్యాయమే. కానీ రోగం వచ్చిన ఊళ్లో గొడ్డు చచ్చాక ఏం జరిగేది, దాన్ని ఎవరు ఎత్తేవాళ్లు, ఎత్తినందుకు వాళ్లకేం దక్కింది అన్నవి ఆ కథలో కనపడవు. మా వాదన ఇది: ఈ రోగం సైన్యాల వెంట, సంతల వెంట, సామ్రాజ్యాల ఓడల వెంట నడిచింది. నింద మాత్రం చచ్చిన గొడ్డును మోసినవాడి మీద, మందను కాసిన నల్లజాతివాడి మీద పడింది. రోగం నడిచిన దారినీ నింద నడిచిన దారినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ చరిత్ర అర్థం కాదు.

ముందు రోగం సంగతి తెలుసుకోవాలి. అది తెలియకపోతే నింద ఎంత అన్యాయమో తెలియదు. ముసరకు కారణం ఒక వైరస్. మన పిల్లలకొచ్చే తట్టు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. తట్టు కూడా ఒకనాటి పశువుల వైరస్ నుంచే చీలి మనిషికి పట్టిందని శాస్త్రజ్ఞులంటున్నారు. ముసర మాత్రం మనిషికి రాదు. ఆవుకు, ఎద్దుకు, బర్రెకు, అడవిలో దున్నలాంటి జంతువులకు వస్తుంది. జ్వరంతో మొదలవుతుంది, కళ్లూ ముక్కూ కారతాయి, నోట్లో చిగుళ్ల మీద పుళ్లు లేస్తాయి, మేత ముట్టదు. తర్వాత కంపు కొట్టే పారుడు పట్టుకుంటుంది. ఒళ్లోని నీరంతా పోయి వారం పది రోజుల్లో గొడ్డు కూలబడుతుంది. ఈ రోగాన్ని ఎన్నడూ ఎరగని మందల్లో అయితే నూటికి ఎనభై తొంభై దాకా పోయేవి. బతికి బయటపడ్డ గొడ్డుకు మళ్లీ జన్మలో రాదు.

ఎట్లా అంటుకుంటుంది? బతికున్న రోగిష్టి గొడ్డు నుంచి బతికున్న మరో గొడ్డుకు. ఊపిరి, చొంగ, ముక్కునీరు, పేడ, కలిసి తాగిన కుడితి తొట్టి, ఇవే దాని దారులు. గొడ్డు ఒంటి బయట ఈ వైరస్ చాలా బలహీనమైంది. ఎండకు ఆగదు, కుళ్లిన కళేబరంలో నిలవదు, ఎండబెట్టిన తోలులో బతకదు. అంటే రోగం ఒక ఊరి నుంచి మరో ఊరికి పోవాలంటే పశువులు కదలాలి, ఎక్కువ సంఖ్యలో కదలాలి. అట్లా కదిలించేది ఎవరు? చచ్చిన ఒక్క గొడ్డును ఊరి బయటికి ఈడ్చేవాడా, వందల ఎడ్లను సంతకు తోలే వ్యాపారా, వేల ఎడ్లతో బండ్లు నడిపే సైన్యమా? జవాబు తెలుసుకోవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు.

యూరప్‌లో 18వ శతాబ్దమంతా ఈ రోగం యుద్ధాల వెంటే తిరిగింది. తూర్పు మైదానాల నుంచి సైన్యాలకు మాంసం కోసం తోలుకొచ్చిన పశువులు దారిపొడుగునా దాన్ని పంచాయి. ఆ వందేళ్లలో యూరప్ పోగొట్టుకున్న పశువులు ఇరవై కోట్లని ఒక అంచనా. పోపు వైద్యుడు లాన్సిసి రోగిష్టి పశువుల్ని చంపి సున్నం వేసి పాతిపెట్టమని, పశువుల రాకపోకలు ఆపమని చెప్పాడు. మాట వినని వాళ్లకు ఉరిశిక్ష దాకా పెట్టారు. 1762లో ఫ్రాన్సులోని లియాన్‌లో తొలి పశువైద్య పాఠశాల తెరవడం వెనకా ఈ రోగం భయం ఉంది. 1865లో బాల్టిక్ తీరం నుంచి హల్ రేవుకు వచ్చిన ఓడలోని పశువుల ద్వారా ఇంగ్లండుకు పాకింది. లండన్ పశువుల సంత నుంచి దేశమంతా వ్యాపించింది. 1866లో పార్లమెంటు చట్టం చేసి, చంపించిన పశువులకు యజమానులకు నష్టపరిహారం ఇచ్చింది. గుర్తుపెట్టుకోండి, అక్కడ దోషి సంత, ఓడ, రాకపోకలు. నష్టపోయినవాడికి డబ్బు ఇచ్చారు.

అదే ఇంగ్లీషు ప్రభుత్వం అదే కాలంలో ఇండియాలో ఏం చేసింది? ఇక్కడ కూడా పశువులు విపరీతంగా చస్తున్నాయని పశువైద్యుడు హాలెన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. దాని నివేదిక 1871లో వచ్చింది. ఇంగ్లండులో గొడ్లను చంపినది, ఇండియాలో చంపుతున్నది ఒకే రోగమని తేల్చడం దాని ముఖ్యమైన పని. అయితే ఆ తేలిక పోలీసుల దాకా, జిల్లా కలెక్టర్ల దాకా చేరినట్టు లేదు. ఎందుకంటే అప్పటికే ఉత్తరాదిలో మరో సిద్ధాంతం పాతుకుపోయి ఉంది. గొడ్లు రోగంతో చావడంలేదు, చమార్లు తోలు కోసం పాషాణం పెట్టి చంపుతున్నారు అన్నదే ఆ సిద్ధాంతం. 1850ల నుంచి వాయవ్య రాష్ట్రాల పోలీసు కాగితాల్లో, కలెక్టర్ల నివేదికల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. చచ్చిన గొడ్ల పేగుల్ని రసాయన పరీక్షలకు పంపారు. చమార్ల ఇళ్లు సోదా చేశారు, కేసులు పెట్టారు, జైళ్లకు పంపారు. 1904లో విషాల చట్టం వచ్చేదాకా సాగిన చర్చల్లో పశువులకు విషం పెట్టడం ఒక పెద్ద అంశం.

ఒక్క కేసు కూడా నిజం కాదని మేం అనడంలేదు. పాషాణం దొరికిన పరీక్షలూ ఉన్నాయి. కానీ ఏ గ్రామంలోనైనా వారం రోజుల్లో పాతిక గొడ్లు పారుడుతో చస్తే, రోగం లక్షణాలు తెలియని పోలీసు అధికారికి అది విషంలాగే కనపడుతుంది. నోట్లో పుళ్లు, రక్తవిరేచనాలు పాషాణానికీ ఉంటాయి గదా! ఇక దోషి కోసం వెతకనక్కర్లేదు. గొడ్డు చస్తే ఎవరికి లాభం అని అడిగితే చాలు, ఊరు వేలు పెట్టి చూపిస్తుంది. ఈ సంగతిని ఇద్దరు పరిశోధకులు వివరంగా చర్చించారు. సౌరభ్ మిశ్రా 2011లో రాసిన వ్యాసంలో, 2015లో వచ్చిన పుస్తకంలో ఈ విషప్రయోగం గోల చమార్లను నేరస్తులుగా, పుట్టుకతో చర్మకారులుగా ఎట్లా ముద్రవేసిందో చూపించాడు. రామ్‌నారాయణ్ రావత్ 2011లో తెచ్చిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేశాడు. చమార్లలో అత్యధికులు తోలు పని చేసేవాళ్లే కాదు, వ్యవసాయం చేసేవాళ్లు అని రికార్డులతో నిరూపించాడు. అంటే మొత్తం కులాన్ని తోలుతో ముడిపెట్టడం, తోలును విషంతో ముడిపెట్టడం, రెండూ కలిసే జరిగాయి.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో యూరప్ ఫ్యాక్టరీలకు, సైన్యాల బూట్లకు, జీన్లకు, యంత్రాల బెల్టులకు తోలు కావాల్సి వచ్చింది. మద్రాసు నుంచి, కలకత్తా నుంచి తోళ్లు ఓడలెక్కాయి. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో గొడ్లు మేతలేక, రోగాలతో కుప్పలుగా చస్తే తోళ్ల ఎగుమతి బాగా పెరిగింది. ఆ లాభం ఎవరికి పోయింది? తోలు ఒలిచినవాడికి మాత్రం కాదు. తోలుకు ధర రాగానే ఉత్తరాదిన జమీందార్లు చచ్చిన గొడ్డు మీద హక్కు తమదేనన్నారు, గుత్తకిచ్చుకున్నారు. గొడ్డును ముట్టుకోవడం మైల. దాని తోలు అమ్మిన డబ్బు ముట్టుకోవడం మాత్రం మైల కాదు.

మన దగ్గర పరిస్థితి చూద్దాం. తెలుగు పల్లెల్లో చచ్చిన గొడ్డు మాదిగది. ఇది పైకి హక్కులా కనపడుతుంది, నిజానికి వెట్టి. కబురు రాగానే వెళ్లి ఎత్తాలి, ఊరి బయటికి మోసుకుపోవాలి, ఒలవాలి. ఆ తోలును లందలో వేసి తంగేడు చెక్కతో పదును చేసి రైతుకు మోట బొక్కెన, తొండం, ఎడ్ల వార్లు, కాళ్లకు చెప్పులు కుట్టివ్వాలి. బదులుగా కళ్లంలో కొలిచే నాలుగు గింజలు, ఆ చచ్చిన గొడ్డు మాంసం. తిండి లేనివాడికి ఆ మాంసం తిండి. ముసర మనిషికి రాదు కాబట్టి ఆ మాంసం తిన్నవాడికి ఆ రోగం రాలేదు. దొమ్మరోగంతో చచ్చిన గొడ్డు అయితే వేరు, అది ఒలిచినవాడి చేతికే పుండై ప్రాణం తీసేది. ఏ గొడ్డు దేనితో చచ్చిందో పేగులు చూసి, నెత్తురు రంగు చూసి గుర్తుపట్టాల్సిన అవసరం ఒలిచేవాడికి ఉండేది. తప్పితే చచ్చేది వాడే. ఆ తెలివిని ఏ కమిషనూ వైద్యజ్ఞానం కింద లెక్కించలేదు.

ఈ వెట్టిని కాదన్నవాళ్ల చరిత్ర కూడా మన దగ్గరే ఉంది. ఒంగోలు ప్రాంతంలో 1860ల చివర్లో యెర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగలు క్రైస్తవంలోకి వచ్చినప్పుడు పెట్టుకున్న నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మిషనరీ జాన్ క్లౌ రాసిపెట్టిన దాన్ని బట్టి చూస్తే ఊరి పెద్దలకు కోపం తెప్పించింది దేవుడి సంగతి కన్నా పని సంగతి. గొడ్డు ఎత్తేవాడు, జాతరలో డప్పు కొట్టేవాడు లేకుండా పోతే ఊరు ఎట్లా నడుస్తుంది? కొట్టారు, పని ఇవ్వలేదు, బావుల దగ్గరికి రానివ్వలేదు. అయినా గొడ్లూ మనుషులూ చచ్చిన ఆ కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. యాభై యేళ్ల తర్వాత 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానమని పిలుపిచ్చాడు. చెరువు నీళ్ల పోరాటంగానే మహద్‌ను గుర్తుపెట్టుకున్నాం. గొడ్డు సంగతి కూడా అక్కడే ఉంది.

ఇక ఇండియా నుంచి రోగం బయటికి పోయిన కథ. 1887లో ఇటలీ సైన్యం ఎర్రసముద్ర తీరంలోని మసావా రేవులో దిగింది. వాళ్ల కోసం ఓడల్లో తెచ్చిన పశువులతో ముసర ఆఫ్రికాలో కాలుపెట్టింది. ఆ పశువులు ఇండియా నుంచి వచ్చినవేనని చాలామంది చరిత్రకారులు చెప్తారు. ఇథియోపియాలో దున్నే ఎడ్లు పోయాయి, దున్నకం ఆగింది, కరువొచ్చింది. జనాభాలో మూడో వంతు చచ్చి ఉండొచ్చని ఒక అంచనా. ఆ కాలాన్ని వాళ్లు ఇప్పటికీ చెడ్డరోజులనే పిలుచుకుంటారు. 1890 నాటికి తూర్పు ఆఫ్రికా మాసాయిల మందలు కూలాయి. పశువులే ఆస్తి, పశువులే పాలు, పశువులే పెళ్లికట్నం అయిన జాతులు ఒక్క యేడాదిలో బికారులయ్యాయి. మేసే గొడ్లు లేక గడ్డినేలలు పొదలయ్యాయి, ఆ పొదల్లో సెట్సీ ఈగ పెరిగి నిద్రరోగం తెచ్చింది. ఈ విపత్తు తమ ఆక్రమణకు అనుకూలించిందని బ్రిటిష్ అధికారి లుగార్డ్ దాచుకోకుండానే రాశాడు.

1896లో రోగం జాంబెజీ నది దాటింది. కేప్ కాలనీ వాళ్లు వందల మైళ్ల ముళ్లకంచె వేశారు, ఆగలేదు. వస్తువులన్నీ ఎడ్లబండ్ల మీదే నడిచే రోజులు, బండెద్దులే రోగాన్ని మోశాయి. అయితే ఆంక్షలు ఎవరి మీద ఎక్కువ పడ్డాయి? నల్లవాళ్ల మందల మీద, నల్లవాళ్ల రాకపోకల మీద. 1896 చివర్లో ఫోక్వానే దగ్గర గలేషెవే అనే త్స్వానా నాయకుడి పశువులు రిజర్వు గీత దాటి వచ్చాయని పోలీసులు కాల్చేశారు. తిరుగుబాటు లేచింది. లాంగెబెర్గ్ కొండల్లో నెలల తరబడి పోరాడి ఓడారు. 1897లో వాళ్ల భూములు లాక్కున్నారు, వేలమంది ఆడా మగా పిల్లల్ని తెల్లవాళ్ల పొలాల్లో కట్టుబానిసల్లాంటి కూలీలుగా పంచిపెట్టారు. మందలు పోయిన మరెందరో గనుల దారి పట్టారు. రోగం పేరుతో భూమి ఎట్లా చేతులు మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ మాకు తెలియదు. చమారు పోలీసు స్టేషన్‌కు, త్స్వానా పశువుల కాపరి తెల్లవాడి పొలానికి చేరారు. రోగాన్ని రేవుకు తెచ్చిన ఓడల యజమానులు ఎక్కడికీ చేరలేదు.

అదే ఆఫ్రికాలో కింబర్లీ గనుల దగ్గర రాబర్ట్ కోఖ్ 1897లో రోగిష్టి గొడ్డు పైత్యరసం ఎక్కిస్తే మిగతావి నిలబడతాయని చెప్పాడు. 1902లో ఇస్తాంబుల్‌లో నికోల్, అదిల్ బే అనే ఇద్దరు ఇది బాక్టీరియా కన్నా చిన్నదైన వైరస్ పని అని తేల్చారు. విషం సిద్ధాంతానికి ఇక శాస్త్రంలో చోటు లేదు. ఊళ్లో చోటు పోయిందా అన్నది వేరే ప్రశ్న.

1920లో మరో ఓడ కథ. ఇండియా నుంచి బ్రెజిల్ పోయే మూపురం పశువుల్ని దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దించారు. అక్కడ వాటి నుంచి రోగం బెల్జియం పశువులకు పాకింది. యూరప్ ఉలిక్కిపడింది. 1921లో పారిస్‌లో సమావేశమయ్యారు, 1924 జనవరిలో 28 దేశాలు కలిసి అంతర్జాతీయ పశురోగాల సంస్థను పెట్టుకున్నాయి. ఇవాళ్టి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. ఆఫ్రికా మందలు మొత్తం కూలినప్పుడు పుట్టని సంస్థ బెల్జియంలో కొన్ని మందలు చస్తే పుట్టింది. (బ్రెజిల్‌లో నేడు కోట్ల సంఖ్యలో ఉన్న నెల్లోర్ జాతి మన ఒంగోలు గిత్తల సంతతి. ఆ గిత్తలకు అక్కడ వంశవృక్షాలు రాసిపెడతారు. ఇక్కడ వాటిని మేపిన పాలేర్ల వంశాలు ఎవరూ రాయలేదు.)

రోగం అంతం ఎట్లా అయిందంటే, టీకా వల్ల. ముక్తేశ్వర్‌లో 1920లలో ఎడ్వర్డ్స్ మేకల్లో పెంచి బలం తగ్గించిన టీకా తయారుచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో ఆ టీకాతోనే జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ 1960 ప్రాంతంలో ఇంకా మేలైన టీకా చేశాడు, ఒక్క సూది జీవితాంతం కాపాడేది. అయినా 1980లలో ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ రోగం మళ్లీ లేచింది. చివరి గూళ్లను పట్టింది ఎవరు? వేడికి తట్టుకునే టీకా తయారయ్యాక, ఇథియోపియా అఫార్ ప్రాంతంలో, దక్షిణ సూడాన్‌లో డాక్టర్లు పోలేని చోట పశువుల కాపరులకే సూది వేయడం నేర్పారు. రోగం ఎక్కడుందో, ఏ మంద ఏ దారిన పోతుందో వాళ్లకే తెలుసు. చదువుకున్నవాడు చదువులేని వాడిని అడిగి తెలుసుకున్నాడు, రోగం పోయింది. ఇండియాలో చివరి కేసు 1995లో వచ్చింది, 2006లో దేశానికి రోగరహిత గుర్తింపు దొరికింది. ప్రపంచంలో చివరిది 2001లో కెన్యా అడవి దున్నల్లో.

మన దేశంలో ఇట్లా ఒలిచేవాడిని అడిగిన దాఖలా లేదు. కొట్టిన దాఖలాలున్నాయి. 2002 అక్టోబరులో హర్యానా ఝజ్జర్ జిల్లాలో చచ్చిన ఆవు తోలు విషయంలో ఐదుగురు దళితుల్ని పోలీసు ఠాణా ముందే గుంపు కొట్టి చంపింది. 2016 జూలైలో గుజరాత్ ఉనా దగ్గర చచ్చిన ఆవును ఒలుస్తున్న దళిత యువకుల్ని బట్టలిప్పి, కారుకు కట్టి కొట్టారు, వీడియో తీశారు. దానికి జవాబుగా సురేంద్రనగర్‌లో దళితులు కళేబరాలు తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు పడేశారు. చాలా ఊళ్లల్లో గొడ్లు ఎత్తడం మానేశారు. పాత ఆరోపణ పేరు మారింది అంతే, అప్పుడు విషం పెట్టారన్నారు, ఇప్పుడు గోవును చంపారంటున్నారు.

ఆ తర్వాత ఆరేళ్లకు 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చింది. ఇది 1929లో జాంబియాలో మొదట కనపడ్డ వైరస్, దశాబ్దాలు ఆఫ్రికాలోనే ఉండి, 1989లో ఇజ్రాయెల్‌లో, 2013లో టర్కీలో కనపడి, 2019లో ఒడిశా దాకా చేరింది. కుట్టే ఈగలు, దోమలు, గోమార్లు మోస్తాయి. 2022లో దేశంలో లక్షన్నరకు పైగా పశువులు చచ్చాయి, ఎక్కువ రాజస్థాన్‌లో. బికనేర్ శివార్లలో ఆవుల కళేబరాలు మైదానం నిండా పడి ఉన్న ఫొటోలు అందరం చూశాం. గోమాత అన్న నోళ్లు అక్కడ చేతులు పెట్టలేదు. రాజస్థాన్ ప్రభుత్వం 2023లో చచ్చిన పాడి ఆవుకు 40 వేల రూపాయల చొప్పున యజమానులకు పరిహారం ఇచ్చింది. ఇవ్వాల్సిందే. ఎత్తి పూడ్చినవాళ్లు మాత్రం ఆ పథకంలో ఎక్కడా లేరు.

ఇప్పుడు ప్రపంచ సంస్థలు ముసర తర్వాత నిర్మూలించాల్సింది మేకలు గొర్రెలకొచ్చే పి.పి.ఆర్. అంటున్నాయి. మన దగ్గర పారుడు రోగం అంటారు, ముసరకు చెల్లెలు లాంటిది. మన దేశంలో దీన్ని 1987లో తమిళనాడులో గుర్తించారు, అంతకుముందు వచ్చినవాటిని ముసర కిందే రాసుకుని ఉండొచ్చు. 2030 నాటికి లేకుండా చేయాలని 2015లో గడువు పెట్టుకున్నారు. భూమిలేని ఇంట్లో మేకే బ్యాంకు, ఆడమనిషి చేతిలో ఉండే ఆస్తి అదొక్కటే, కాబట్టి ఇది మన వాడల రోగం. టీకా ఉంది, మంచిది, ఒక్క సూదితో ఏళ్ల తరబడి కాపాడుతుంది. కానీ సీసాలో యాభై, వంద జీవాలకు సరిపడా మందుంటుంది, కలిపాక కొద్ది గంటల్లోనే వాడెయ్యాలి. రెండు వందల గొర్రెల మంద ఉన్నవాడి దగ్గర ఆ సీసా విప్పడం తేలిక. ఇంటికి రెండు మేకలున్న వాడలో అయితే పొద్దున కూలికి పోకముందే ఇరవై ఇళ్ల మేకల్ని ఒక్కచోటికి చేర్చాలి. టీకా వేసేవాడు ఏ రోజు ఏ వేళకు వస్తాడో ముందు రోజు వాడకు కబురు అందాలి. ఆ కబురు ఊరి చావడి దగ్గర ఆగిపోతుందా, వాడ దాకా వస్తుందా అన్నదాన్ని మండలం వారీగా రాసి పెట్టే పని మొదలుపెట్టాలని అనుకుంటున్నాం.